రేడియేటర్ ఫ్యాన్‌కి వేరియబుల్ స్పీడ్ కంట్రోలర్: ఎంపిక నుంచి ట్యూనింగ్ దాకా

సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంది. టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకెక్కుతోంది. టక్‌మని రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) పడుతుంది, ఫ్యాన్ గర్రుమని అందుకుంటుంది, హెడ్‌లైట్లు ఒక్క క్షణం మసకబారతాయి, ఐడిల్ ఆర్‌పీఎం జారి మళ్లీ నిలదొక్కుకుంటుంది. రెండు నిమిషాల్లో నీళ్లు చల్లబడి ఫ్యాన్ ఆగుతుంది. కాసేపటికి మళ్లీ అదే తంతు. క్యామ్ (వాల్వులని తెరిచే షాఫ్ట్) మార్చిన ఇంజన్లలో ఐడిల్ అసలే అంతంతమాత్రం కాబట్టి, ఆ దెబ్బకి ఇంజన్ ఆగిపోవడమూ ఉంటుంది.

రిలేకి తెలిసింది రెండే పనులు, పూర్తిగా వేయడం, పూర్తిగా ఆపడం. గోటితో పోయేదానికి ప్రతిసారీ గొడ్డలి ఎత్తుతుంది. వేరియబుల్ స్పీడ్ కంట్రోలర్ అలా కాకుండా వేడి ఎంత ఉంటే అంతే తిప్పుతుంది. పవర్ పెంచిన ఏ కారుకైనా తప్పకుండా చేయాల్సిన మార్పుల్లో దీన్ని నేను పైవరసలో పెడతాను. ఒక్క షరతు ఉంది. కంట్రోలర్ మీ కారుని ఇప్పటికంటే ఎక్కువ చల్లబరచలేదు. ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరిగినా చాలని కారుకి దీనితో ఒరిగేదేమీ ఉండదు. అందుకే ఈ పని కంట్రోలర్ కొనడంతో మొదలుకాకూడదు.

లాభం ఎక్కడ వస్తుంది

ఫ్యాన్ స్పీడు సగానికి తగ్గితే గాలి కూడా సుమారు సగమే వస్తుంది. కానీ దాన్ని తిప్పడానికి కావలసిన పవర్ ఎనిమిదో వంతుకి పడిపోతుంది, ఎందుకంటే పవర్ స్పీడు ఘనం ప్రకారం మారుతుంది. రిలే ఫ్యాన్‌ని సగం సేపు ఫుల్‌లో తిప్పి, సగం సేపు ఆపిందనుకోండి. సగటున సగం పవర్ ఖర్చయింది. అదే గాలిని సగం స్పీడులో ఆగకుండా తిప్పి తెస్తే ఖర్చు ఎనిమిదో వంతు, అంటే రిలే ఖర్చులో నాలుగో వంతు. మోటారు, కంట్రోలర్ నష్టాలు కలిపితే నిజంలో తేడా కొంత తగ్గినా పెద్దదే.

ఆల్టర్నేటర్ వైపు నుంచి చూడండి. 30 ఆంపియర్లు లాగే ఫ్యాన్ అంటే 14 వోల్టుల దగ్గర 420 వాట్లు. ఆల్టర్నేటర్ సామర్థ్యం 55, 60 శాతం మధ్య అనుకుంటే ఇంజన్ దగ్గర 700 వాట్ల పైమాటే, అంటే దాదాపు ఒక హార్స్‌పవర్. ఇక ఆగి ఉన్న మోటారుకి ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే ఆ క్షణంలో లాగే కరెంటు మామూలు కరెంటుకి మూడింతలు కూడా ఉండొచ్చు. లైట్లు మసకబారేది, ఐడిల్ తడబడేది అక్కడే. కంట్రోలర్ మోటారుని మెల్లగా ఎత్తుతుంది కాబట్టి ఆ దెబ్బ ఉండదు.

కంట్రోలర్ ఈ పని చేసే పద్ధతి పేరు పీడబ్ల్యూఎం, అంటే పల్స్ విడ్త్ మాడ్యులేషన్. లోపలి మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చి సెకనుకి వేలసార్లు వేసి ఆపుతూ ఉంటుంది. ఒక్కో చుట్టులో స్విచ్చి ఎంతసేపు వేసి ఉందన్న శాతమే డ్యూటీ సైకిల్. స్విచ్చి ఆగిన క్షణాల్లో మోటారు కాయిల్‌లోని కరెంటు ఫ్రీవీలింగ్ డయోడ్ (ఆ కరెంటుకి తిరుగుదారి ఇచ్చే భాగం) ద్వారా తిరుగుతూనే ఉంటుంది. అందుకే సగం స్పీడులో క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టి చూస్తే బ్యాటరీ వైరులో తక్కువ కరెంటు, మోటారు వైరులో ఎక్కువ కరెంటు కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మీటర్ పాడైందని అనుమానించకండి.

ముందు ఫ్యాన్‌ని, రేడియేటర్‌ని పరీక్షించండి

కంట్రోలర్ లేకుండా ఫ్యాన్‌ని ఫ్యూజు, రిలేల ద్వారా నేరుగా బ్యాటరీకి కలపండి. కారుని బాగా నడిపి వేడెక్కించి, ఎండలో నిలబెట్టి, బానెట్ మూసి, ఏసీ వేసి, ఐడిల్‌లో పదిహేను నిమిషాలు వదిలేయండి. ఫ్యాన్ ఫుల్‌లో తిరుగుతుండగా టెంపరేచర్ తగ్గి, థర్మోస్టాట్ (వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వు) డిగ్రీకి దగ్గరలో నిలవాలి. నిలిచిందా, మీ దగ్గర కాస్త మిగులు ఉన్నట్టు. కంట్రోలర్ ఆ మిగులుని వాడుకుంటుంది. ముల్లు ఎక్కుతూనే ఉంటే ఇంజన్ ఆపి కారణం వెతకండి.

ఎక్కువసార్లు దొరికే కారణం ష్రౌడ్, అంటే ఫ్యాన్ చుట్టూ గాలిని మళ్లించే తొడుగు, లేకపోవడం. ఫ్యాన్‌ని రేడియేటర్ కోర్‌కి అంటించి బిగిస్తే గాలి ఆ రెక్కల వలయం మేరకే లాగబడుతుంది, మూలలన్నీ ఊరికే ఉండిపోతాయి. కోర్ మొత్తాన్ని కప్పే ష్రౌడ్ ఉండాలి. దాని అంచులకి ఫోమ్ లేదా రబ్బరు సీలు ఉండాలి. రెక్కలకీ కోర్‌కీ మధ్య కొంత ఖాళీ ఉండాలి. వీలైనంతవరకు ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉండి గాలిని లాగేదే మేలు. ముందు పెట్టి నెట్టే ఫ్యాన్, హైవే మీద సహజంగా వచ్చే గాలికి తనే అడ్డు.

రెండో కారణం సిస్టంలో చిక్కుకున్న గాలి. కూలెంట్ మార్చాక సరిగ్గా బ్లీడ్ చేయకపోతే (లోపలి గాలిని తీసేయకపోతే) సెన్సర్ దగ్గర గాలి బుడగ నిలిచి రీడింగ్ ఎగుడుదిగుడుగా వస్తుంది. నిందంతా కంట్రోలర్ మీద పడుతుంది. ప్రెషర్ క్యాప్ కూడా చూడండి. సగం నీళ్లు, సగం ఎథిలిన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలు వాతావరణ పీడనంలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 1 బార్ క్యాప్ పట్టి ఉంచితే అది 125 డిగ్రీలు దాటుతుంది. క్యాప్ లీకైతే ఆ రక్షణ పోయినట్టే.

కరెంటు కొలిచి, ఆ తర్వాతే కొనండి

డీసీ కొలవగల క్లాంప్ మీటర్ తీసుకోండి. ఫ్యాన్‌ని కారులో బిగించి, ష్రౌడ్‌తో, బానెట్ మూసి, ఇంజన్ నడుస్తుండగా కొలవండి. టేబుల్ మీద పెట్టి కొలిచిన అంకె వేరు, కోర్ గుండా గాలి లాగేటప్పటి అంకె వేరు. పెట్టె మీద రాసే గాలి పరిమాణం కూడా ఎదురు ఒత్తిడి లేనప్పటిదే. రెండు ఫ్యాన్లని పోల్చాలంటే ప్రెషర్‌తో పాటు గాలి ఎలా తగ్గుతుందో చూపే గ్రాఫ్ అడగండి.

వచ్చిన కరెంటుకి ఒకటిన్నర రెట్లు నిరంతరం మోయగల కంట్రోలర్ తీసుకోండి. ‘పీక్’ అని పెద్దక్షరాల్లో రాసిన అంకెను పట్టించుకోవద్దు. ఎంత వేడిలో ఎంత కరెంటు నిరంతరం ఇస్తుందన్నదే లెక్క. రెండు ఫ్యాన్లుంటే రెండింటి మొత్తం చూడాలి, లేదా ఒక్కోదానికి ఒక్కో కంట్రోలర్ పెట్టాలి. నేనైతే రెండు కంట్రోలర్లకే మొగ్గుతాను. ఒకటి చచ్చినా రెండోది ఇల్లు చేరుస్తుంది.

స్విచ్చింగ్ ఫ్రీక్వెన్సీ అడిగి తెలుసుకోండి. 18, 20 కిలోహెర్ట్‌జ్ పైన నడిచేవి చెవికి వినపడవు, మోటారులో కరెంటు నునుపుగా పారుతుంది. వంద హెర్ట్‌జ్ చుట్టుపక్కల నడిచే సాలిడ్ స్టేట్ రిలేలు కూడా పనిచేస్తాయి గానీ మోటారు గుర్రుమని మూలుగుతుంది, బ్రష్‌ల మీద శ్రమ ఎక్కువ. మామూలు రిలేని మాత్రం ఎప్పుడూ పీడబ్ల్యూఎంతో ఆడించకండి, కాంటాక్టులు కాలిపోతాయి.

ఇక్కడే ఒక గట్టి హెచ్చరిక. పైన చెప్పిందంతా బ్రష్‌లున్న మోటార్లకి. బ్రష్‌లెస్ ఫ్యాన్లకి కంట్రోలర్ లోపలే ఉంటుంది. వాటికి బ్యాటరీ కరెంటు నిరంతరం ఇచ్చి, సన్నటి సిగ్నల్ వైరు మీద మాత్రమే పీడబ్ల్యూఎం పంపాలి. పవర్ వైరునే కోసి కోసి ఇస్తే లోపలి ఎలక్ట్రానిక్స్ పాడవుతాయి. సిగ్నల్ ఏ ఫ్రీక్వెన్సీలో ఉండాలో, ఎంత శాతానికి ఫ్యాన్ మొదలవుతుందో తయారీదారు పత్రంలో చదివి మాత్రమే కలపండి. అలాగే కంపెనీ ఫ్యాన్లలో తక్కువ స్పీడు కోసం సిరీస్‌లో రెసిస్టర్ ఉంటే దాన్ని తీసేయండి. రెండు స్పీడ్ల మోటారైతే హై స్పీడు వైరు ఒక్కటే వాడండి.

సెన్సర్ ఎక్కడ పెట్టాలి

పని మొత్తంలో నిదానంగా ఆలోచించాల్సింది ఇదే. మూడు చోట్లు వాడుకలో ఉన్నాయి. కోర్ రెక్కల మధ్య గుచ్చే ప్రోబ్ సులువు. కానీ అది సగం లోహాన్ని, సగం గాలిని కొలుస్తుంది, కోర్‌కి గాటు పడే ప్రమాదమూ ఉంది. నేను వాడను. రేడియేటర్ కింది ట్యాంకులో పెడితే ఫ్యాన్ ప్రభావం వెంటనే కనబడుతుంది, కంట్రోల్ స్థిరంగా ఉంటుంది, కానీ ఇంజన్ లోపల ఏం జరుగుతోందో అది చూడదు. రేడియేటర్ దాటేసరికి నీళ్లు 5 నుంచి 10 డిగ్రీలు చల్లబడి ఉంటాయి కాబట్టి సెట్టింగులు కూడా అంత కిందికి దించాలి. మూడోది ఇంజన్ నుంచి నీళ్లు బయటికొచ్చే చోటు, అంటే హెడ్ లేదా థర్మోస్టాట్ హౌసింగ్‌లో ఇంజన్ వైపు. నా ఓటు దీనికే. కాపాడుకోవాల్సింది ఇంజన్‌ని గనుక దాన్నే కొలవాలి.

ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) వాడుతున్న సెన్సర్ వైరుకే కంట్రోలర్‌ని కూడా కలపాలన్న ఆలోచన రావచ్చు. వద్దు. రెండు పరికరాలూ తమ తమ పుల్‌అప్ రెసిస్టర్ల నుంచి కరెంటు పంపుతాయి, రెండు రీడింగులూ తప్పుతాయి, ఇంజన్ ఫ్యూయెలింగ్ కూడా చెడుతుంది. కంట్రోలర్‌కి సొంత సెన్సర్ పెట్టండి, అదీ రెండు వైర్లది. లేదా ఈసీయూకే ఫ్యాన్ కోసం పీడబ్ల్యూఎం అవుట్‌పుట్ ఉంటే కంట్రోలర్‌కి ఆ సిగ్నల్ ఇవ్వండి. అప్పుడు వేరే సెన్సర్ అక్కర్లేదు, వేగం, ఏసీ లెక్కలన్నీ ఈసీయూ చూసుకుంటుంది.

ఈ సెన్సర్లు ఎన్‌టీసీ రకం. వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఉదాహరణకి బాష్ ఎన్‌టీసీ ఎం12 సెన్సర్ 20 డిగ్రీల దగ్గర 2500 ఓమ్‌లు చూపిస్తుంది, 90 దగ్గర 243, 100 దగ్గర 187. గమనించారా, మనకి కావలసిన చివరి పది డిగ్రీల్లో తేడా కేవలం 56 ఓమ్‌లు. కనెక్టర్ తుప్పు పట్టి 20 ఓమ్‌లు కలిసిందంటే కంట్రోలర్ అసలు వేడికంటే దాదాపు 4 డిగ్రీలు చల్లగా అనుకుంటుంది. కాబట్టి సెన్సర్ కనెక్టర్ నీళ్లు చొరబడనిదై ఉండాలి. బిగించే ముందు వేడినీళ్ల గిన్నెలో ముంచి, థర్మామీటర్ పక్కన పెట్టి, మల్టీమీటర్‌తో రెండు మూడు చోట్ల రెసిస్టెన్స్ కొలిచి రాసుకోండి. పావుగంట పని, తర్వాత నెలల పాటు అనుమానాలుండవు.

వైరింగ్

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి.

పాజిటివ్ నేరుగా బ్యాటరీ నుంచో, ఆల్టర్నేటర్ స్టడ్ నుంచో రావాలి. బ్యాటరీకి 20 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి. 30 ఆంపియర్ల ఫ్యాన్‌కి 40 ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజు (క్షణకాలపు ఎక్కువ కరెంటుకి కాలిపోనిది) సరిపోతుంది. వైరు ఆ ఫ్యూజు కంటే ఎక్కువ మోయగలగాలి. వైరు లావు విషయంలో లోభించవద్దు. పాజిటివ్, ఎర్త్ రెండూ కలిపి 4 మీటర్లు అనుకుంటే, 30 ఆంపియర్ల దగ్గర 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 0.8 వోల్టు పోతుంది, 6 చదరపు మిల్లీమీటర్ల వైరులో 0.35 వోల్టు. 0.8 వోల్టు పోవడమంటే ఫ్యాన్ స్పీడులో సుమారు 6 శాతం పోవడం. పైగా సన్నటి వైరు వేడెక్కుతుంది.

ఇగ్నిషన్ నుంచి వచ్చే వైరు కంట్రోలర్‌ని నిద్రలేపడానికి మాత్రమే, ఫ్యాన్ కరెంటు దాని గుండా పారకూడదు. కారు వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలికి రెక్కలు తిరిగి మోటారు డైనమోలా కరెంటు పుట్టిస్తుంది. ఫ్యాన్‌ని ఇగ్నిషన్ లైనుకి కలిపితే తాళం తిప్పేశాక కూడా ఇంజన్ కాసేపు నడుస్తూ ఉండొచ్చు.

మీ కంట్రోలర్ ఏ వైపు స్విచ్ చేస్తుందో చూసుకోండి. చాలావాటిలో ఫ్యాన్ పాజిటివ్ ఎప్పుడూ బ్యాటరీకే ఉంటుంది, నెగటివ్ వైరు కంట్రోలర్‌లోకి వెళ్తుంది. అలాంటప్పుడు ఫ్యాన్ నెగటివ్ వైరు బాడీకి ఎక్కడా తగలకూడదు. తగిలిందంటే ఫ్యాన్ ఆగకుండా ఫుల్‌లో తిరుగుతుంది.

ఎర్త్ విషయంలో నేను ఒకసారి రెండు రోజులు పోగొట్టుకున్నాను. సెన్సర్ ఎర్త్, ఫ్యాన్ ఎర్త్ రెండూ ఒకే బోల్టు కింద పెట్టాను. ఫ్యాన్ స్పీడు పెరగగానే ఆ బోల్టు దగ్గర వోల్టేజి కొంచెం లేచేది, దాంతో సెన్సర్ రీడింగ్ మారేది, ఫ్యాన్ తగ్గేది, వోల్టేజి దిగేది, మళ్లీ ఫ్యాన్ పెరిగేది. ఊయల ఊగినట్టు ఊగింది. సెన్సర్ రెండో వైరుని కంట్రోలర్ మీది సెన్సర్ ఎర్త్ పిన్నుకే తెచ్చి కలిపాక నిమిషంలో కుదురుకుంది. ఫ్యాన్ కరెంటు ఎర్త్‌కి, సెన్సర్ ఎర్త్‌కి మధ్య ఏ ఉమ్మడి వైరూ ఉండకూడదు.

కంట్రోలర్ నుంచి మోటారుకి వెళ్లే రెండు వైర్లనీ పురి పెట్టి, పొట్టిగా ఉంచండి. క్రాంక్, క్యామ్ సెన్సర్ల వైర్ల పక్కన పరిగెత్తించకండి. లగ్గులు సరైన టూల్‌తో క్రింప్ చేసి, జిగురున్న హీట్ ష్రింక్ వేయండి.

పెట్టె బిగించే చోటు

కంట్రోలర్ 100 శాతం దగ్గర కంటే 90 శాతం దగ్గర ఎక్కువ వేడెక్కుతుంది. ఫుల్‌లో మాస్‌ఫెట్ వేసి ఉండిపోతుంది కాబట్టి దాని సొంత రెసిస్టెన్స్ నష్టం ఒక్కటే. 90 దగ్గర ఆ నష్టానికి తోడు స్విచ్చింగ్ నష్టం, డయోడ్ నష్టం కలుస్తాయి. కాబట్టి దాని అల్యూమినియం వీపుకి చల్లగాలి తగలాలి. రేడియేటర్ ముందు భాగంలోనో, ఫెండర్ పక్కనో, లోహపు పలక మీద బిగించండి. ష్రౌడ్ వెనక, ఎగ్జాస్ట్ దగ్గర వద్దు. కనెక్టర్లు కిందికి చూసేలా పెడితే నీళ్లు నిలవవు.

నంబర్లు పెట్టడం

థర్మోస్టాట్ మీద రాసిన డిగ్రీ మీ ఆధారం. అది తెరుచుకోవడం మొదలుపెట్టే డిగ్రీ, పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో పది డిగ్రీల పైన పట్టొచ్చు. ఫ్యాన్‌ని దానికంటే కింద మొదలయ్యేలా పెడితే ఎప్పటికీ ఆగదు, థర్మోస్టాట్‌తో కుస్తీ పడుతుంది. సెన్సర్ ఇంజన్ వైపు ఉంటే, థర్మోస్టాట్ డిగ్రీకి 6 కలిపిన చోట ఫ్యాన్ మొదలుపెట్టండి, అక్కడి నుంచి 8, 10 డిగ్రీల తర్వాత ఫుల్ ఇవ్వండి. 82 డిగ్రీల థర్మోస్టాట్‌కి 88 దగ్గర మొదలు, 97 దగ్గర ఫుల్. 88 డిగ్రీలదైతే 94, 103. మీ ఇంజన్ తయారీదారు చెప్పిన పరిమితిని మాత్రం దాటకండి.

మొదటి డ్యూటీ ఎంత ఉండాలో కళ్లతో చూసి పెట్టండి. ఆగి ఉన్న ఫ్యాన్ నమ్మకంగా కదిలే శాతం కనుక్కుని, దానికి 5 కలపండి. చాలా బ్రష్ మోటార్లకి ఇది 25, 30 శాతం దగ్గర తేలుతుంది. అంతకంటే తక్కువ ఇస్తే మోటారు తిరగకుండా కరెంటు తాగుతూ వేడెక్కుతుంది. సాఫ్ట్ స్టార్ట్ (ఫ్యాన్‌ని మెల్లగా ఎత్తే) సమయం రెండు నుంచి నాలుగు సెకన్లు బాగుంటుంది.

ఇప్పుడు కారుని వేడెక్కించి ఐడిల్‌లో వదిలి ఒక నోటుబుక్‌లో నిమిషానికోసారి టెంపరేచర్ రాయండి. మొదలుకీ ఫుల్‌కీ మధ్య ఉన్న రేంజిలో ఎక్కడో ఒకచోట అది స్థిరపడాలి. 92 దగ్గర కుదురుకుని అక్కడే ఉంటే సంతోషించండి. దాన్ని 88కి దించాలని ప్రయత్నించకండి. కుదురుకోకుండా పైకీ కిందికీ ఊగుతోందంటే రేంజి మరీ ఇరుకుగా ఉందని అర్థం. ఫ్యాన్ మార్చిన గాలి ప్రభావం నీళ్లు చుట్టి వచ్చి సెన్సర్‌కి చేరేసరికి చాలా సెకన్లు పడుతుంది, ఆలోపు కంట్రోలర్ తొందరపడి అతి చేస్తుంది. రేంజిని రెండు మూడు డిగ్రీలు వెడల్పు చేయండి.

ఏసీ, హైవే వేగం, ఇంజన్ ఆపాక

ఏసీ కంప్రెసర్ పడగానే ఫ్యాన్ కనీసం 50 శాతంలో తిరగాలి. నీళ్లు చల్లగా ఉన్నా కండెన్సర్‌కి గాలి కావాలి. హై ప్రెషర్ స్విచ్ సిగ్నల్ వస్తే ఫుల్ ఇవ్వండి. 70 కిలోమీటర్ల వేగం దాటాక చాలా కార్లకి ఎదురుగాలే చాలు కాబట్టి, వేగం సిగ్నల్ తీసుకునే కంట్రోలర్ అయితే అక్కడ ఫ్యాన్ ఆపేయొచ్చు. టెంపరేచర్ ఫుల్ పాయింటు దాటితే మాత్రం వేగం ఏదైనా తిరగాల్సిందే.

ఇంజన్ ఆపాక ఫ్యాన్ తిరిగే సదుపాయాన్ని రెండు నిమిషాలకి పరిమితం చేయండి. బెల్టుతో తిరిగే వాటర్ పంపు అప్పటికే ఆగిపోయి ఉంటుంది కాబట్టి చల్లబడేది రేడియేటర్, బానెట్ కింది గాలి మాత్రమే. బ్లాక్ చల్లబడదు. ట్రాక్ మీద ఒక రౌండు గట్టిగా తోలాక ఇంజన్ వెంటనే ఆపకుండా ఐడిల్‌లో ఒకటి రెండు నిమిషాలు ఉంచడం దీనికంటే ఎంతో మేలు.

పాడైతే ఏం జరుగుతుందో ముందే చూడండి

ఎన్‌టీసీ సెన్సర్ వైరు తెగితే రెసిస్టెన్స్ అనంతం, అంటే కంట్రోలర్ కళ్లకి ఇంజన్ మంచుగడ్డలా కనిపిస్తుంది. మంచి కంట్రోలర్ దాన్ని లోపంగా గుర్తించి ఫ్యాన్‌ని ఫుల్‌లో పెడుతుంది. పుస్తకంలో రాసిందని నమ్మకుండా, ఇంజన్ నడుస్తుండగా సెన్సర్ కనెక్టర్ పీకి చూడండి. ఫ్యాన్ మొదలవకపోతే ఆ కంట్రోలర్‌ని బైపాస్ లేకుండా వాడొద్దు.

నెగటివ్ వైపు స్విచ్ చేసే రకానికి బైపాస్ సులువు. ఒక 40 ఆంపియర్ల రిలే తీసుకుని 30వ పిన్నుకి ఫ్యాన్ నెగటివ్, 87వ పిన్నుకి ఎర్త్, 85, 86లకి డాష్‌బోర్డు స్విచ్చి కలపండి. పాజిటివ్ వైపు స్విచ్ చేసే కంట్రోలర్ అవుట్‌పుట్‌లోకి బయటి నుంచి బ్యాటరీ వోల్టేజి నెట్టడం ప్రమాదం. అక్కడ ఐదు పిన్నుల చేంజ్‌ఓవర్ రిలే వాడి, ఫ్యాన్ అయితే కంట్రోలర్‌కి, లేకపోతే నేరుగా బ్యాటరీకి కలిసేలా చేయండి. ఈ రిలేల్లో 87ఏ కాంటాక్టు (రిలే పడనప్పుడు కలిసి ఉండేది) 87 కంటే తక్కువ కరెంటుకే తయారై ఉంటుంది, దాని అంకె విడిగా చూసుకోండి.

చివరగా ఫ్యాన్‌ని ఫుల్‌లో పెట్టి మోటారు పిన్నుల దగ్గర, బ్యాటరీ దగ్గర వోల్టేజి కొలవండి. తేడా అర వోల్టు దాటితే ఏదో ఒక జాయింటు వదులుగా ఉన్నట్టే. అరగంట నడిపాక ఫ్యూజు హోల్డరు, లగ్గులు, కంట్రోలర్ వీపు చేత్తో తాకి చూడండి. ఏ జాయింటూ చుట్టుపక్కల లోహం కంటే వేడిగా ఉండకూడదు. వెయ్యి కిలోమీటర్ల తర్వాత అన్ని బోల్టులూ మళ్లీ ఒకసారి బిగించి, అప్పుడు రాసుకున్న కరెంటు అంకెతో ఇప్పటిది పోల్చండి. పెరిగిందంటే మోటారు బేరింగులు అరుగుతున్నాయి, ఫ్యాన్ మార్చే రోజు దగ్గరపడింది.